బహిరంగ ఆవర్జా, ఇంటి గుట్టు: బిట్‌కాయిన్ జాడలపై ఒక గ్రంథ పరిశీలన

బిట్‌కాయిన్ పేరు వినగానే సామాన్యుని మనసులో మెదిలే భావం ఒకటే. అది రహస్యపు సొమ్ము, ఎవరు ఎవరికి ఎంత ఇచ్చారో ఎవరికీ తెలియదు, కనుక దొంగలకూ మత్తుమందుల వర్తకులకూ అనువైనది. ఈ అభిప్రాయం సామాన్యులకే పరిమితం కాలేదు. 2017 నవంబరులో టర్కీ మతవ్యవహారాల శాఖ వెలిబుచ్చిన అభిప్రాయంలోనూ, 2018 జనవరిలో నాటి ఈజిప్టు గ్రాండ్ ముఫ్తీ షౌఖీ అల్లామ్ ఇచ్చిన ఫత్వాలోనూ, ఈ సొమ్ము అక్రమ కార్యాలకు సులభంగా ఉపయోగపడుతుందన్నది కారణాలలో ఒకటి. విలువ నిలకడగా లేకపోవడం, జూదాన్ని పోలిన క్రయవిక్రయాలు, ప్రభుత్వ పూచీ లేకపోవడం వంటి తక్కిన కారణాలు విడిగా చర్చించదగినవి. కాని ‘రహస్యపు సొమ్ము’ అన్న భావన ఎంతవరకు వాస్తవం? ఆ ప్రశ్నకు వివరమైన సమాధానం కోరేవారు చదువవలసిన గ్రంథం అమెరికన్ పాత్రికేయుడు ఆండీ గ్రీన్‌బర్గ్ 2022లో ప్రచురించిన ‘ట్రేసర్స్ ఇన్ ద డార్క్’. చీకటిలో జాడ తీసేవారు అని దాని అర్థం. గ్రంథం చెప్పేదానితోపాటు, చెప్పక వదిలిన దానిని కూడా పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ఒక పదం చేసిన పొరపాటు

అపోహకు మూలం కొంతవరకు పేరులోనే ఉన్నది. ‘క్రిప్టో’ అన్న ముక్కను చూసి పలు భాషలలో దీనిని గూఢమైన సొమ్ముగా అనువదించారు. అరబీ పత్రికలలో విరివిగా కనిపించే ‘అల్‌ఉమ్‌లాతుల్ ముషఫ్ఫరా’ అన్న మాటకు కూడా సంకేతలిపిలో దాచిన నాణేలన్న అర్థమే స్ఫురిస్తుంది. వాస్తవానికి బిట్‌కాయిన్ చిట్టాలో సంకేతలిపిలో దాచిన లావాదేవీ ఒక్కటీ లేదు. అందులో గూఢలిపి శాస్త్రం చేసే పని ముహరు వేయడం. ఫలానా సొమ్మును ఖర్చుపెట్టే అధికారం ఈ వ్యక్తికి ఉన్నదని అది రుజువు చేస్తుంది. ముహరు వేసిన దస్తావేజు మాత్రం తెరిచే ఉంటుంది. ఎవరైనా చదువుకోవచ్చు.

2008 అక్టోబరులో సతోషీ నకమోతో అన్న మారుపేరుతో వెలువడిన తొమ్మిది పుటల పత్రంలోనే ఈ సంగతి ఉన్నది. బ్యాంకు వంటి మధ్యవర్తి లేనప్పుడు, ఒకే సొమ్మును ఇద్దరికి ఇవ్వలేదని తెలియాలంటే ప్రతి లావాదేవీ అందరికీ తెలియాలి. అందుకు ఆ పత్రం సూచించిన ఉపాయం ఏమిటంటే, లావాదేవీలను బహిరంగంగా ఉంచి పేర్లను మాత్రం వేరుచేయడం. చిట్టాలో పేరుకు బదులు అక్షరాలు, అంకెలు కలిసిన ఒక చిరునామా ఉంటుంది. ప్రతి లావాదేవీకి కొత్త చిరునామా వాడుకోవలసిందని పత్రకర్త సలహా ఇచ్చాడు. పలు చిరునామాల సొమ్మును కలిపి చెల్లించినప్పుడు అవన్నీ ఒకే యజమానివని బయటపడక తప్పదని కూడా ఒప్పుకున్నాడు. అంటే ముసుగు పలుచనిదని దానిని నేసినవాడికి మొదటినుంచీ తెలుసు. 2010 మే 22న అమెరికాలో ఒకరు రెండు పిజ్జాల కోసం ఇచ్చిన 10,000 బిట్‌కాయిన్ల పద్దును ఈనాటికీ ఎవరైనా చూడవచ్చు. ఆ చిట్టాలో ఒకసారి ఎక్కినది చెరగదు.

జాడ తీసే విధానం

గ్రీన్‌బర్గ్ గ్రంథంలో మొదట మెచ్చుకోవలసినది ఈ విధానాన్ని ఆయన విడమరచి చెప్పిన తీరు. తాను కూడా 2011లో బిట్‌కాయిన్‌ను గురించి తొలిసారి రాసినప్పుడు అది జాడ దొరకని సొమ్మేనని తలచానని ఆయన దాచకుండా చెబుతాడు. ఆ భ్రమను తొలగించినవారిలో ముఖ్యురాలు సారా మైకిల్‌జాన్. ఆమె శాన్‌డియాగోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో పరిశోధన చేస్తూ, సహచరులతో కలిసి 2013లో ఒక పత్రం ప్రచురించింది.

ఆ పద్ధతిని బజారు భాషలో ఇలా చెప్పుకోవచ్చు. ఒక మనిషి మూడు సంచులలోంచి నోట్లు తీసి ఒకే బేరానికి చెల్లించాడనుకుంటే, ఆ మూడు సంచులూ అతనివేనని అంగడివాడు గ్రహిస్తాడు. ఇది మొదటి సూత్రం. 80 రూపాయల సరుకుకు 500 రూపాయల నోటు ఇస్తే 420 రూపాయల చిల్లర తిరిగి వస్తుంది. బిట్‌కాయిన్‌లోనూ ఖర్చుకాగా మిగిలిన సొమ్ము సాధారణంగా కొనుగోలుదారునికే చెందిన ఒక కొత్త చిరునామాకు చేరుతుంది. ఏది బేరం సొమ్మో, ఏది చిల్లరో పోల్చగలిగితే ఆ మనిషి వెంట ఒక చిరునామా నుంచి మరొకదానికి నడిచిపోవచ్చు. ఇది రెండవ సూత్రం. ఈ రెండింటితో లక్షల చిరునామాలు గుంపులుగా కూడుతాయి. ఇక మిగిలింది గుంపుకు పేరు పెట్టడం. అందుకు మైకిల్‌జాన్ బృందం స్వయంగా వివిధ సంస్థలతో, అంగళ్ళతో 344 లావాదేవీలు జరిపి, సొమ్ము ఏ గుంపుకు చేరిందో చూసి పేర్లు రాసుకున్నది. రూపాయలను బిట్‌కాయిన్‌గా, బిట్‌కాయిన్‌ను రూపాయలుగా మార్చే ఎక్స్ఛేంజీల వద్ద గుర్తింపు పత్రాలు ఎలాగూ ఉంటాయి. గుంపులోని ఒక్క చిరునామా అలాంటి చోట తగిలితే చాలు, అన్నిటికీ పేరు దొరుకుతుంది. తర్వాతి కాలంలో చైనాలిసిస్ వంటి కంపెనీలు ఈ పనినే వ్యాపారంగా మార్చి, ప్రభుత్వ శాఖలకూ ఎక్స్ఛేంజీలకూ అమ్మసాగాయి.

గ్రంథం నిలబెట్టిన సాక్ష్యాలు

ఈ విద్యవల్ల జరిగిన మేలును తక్కువ చేసి చూపడం న్యాయం కాదు. ‘సిల్క్ రోడ్’ అనే మత్తుమందుల అంగడిని 2013 అక్టోబరులో అమెరికా ప్రభుత్వం మూసివేసింది. ఆ దర్యాప్తులో పనిచేసిన ఇద్దరు అధికారులు, ఒకరు మాదకద్రవ్యాల నిరోధక శాఖవాడు, మరొకరు సీక్రెట్ సర్వీసువాడు, దర్యాప్తు ముసుగులో బిట్‌కాయిన్లు కాజేశారు. వారిని పట్టి ఇచ్చింది కూడా ఆ చిట్టాయే. 2015లో ఒకరికి 78 నెలలు, మరొకరికి 71 నెలలు శిక్ష పడింది. కంచే చేను మేసిన ఈ ఉదంతంలో, అధికారబలం ఉన్నవాడి మీద కూడా నోరు విప్పగల సాక్షిగా చిట్టా నిలిచింది.

అంతకన్న గంభీరమైనది దక్షిణ కొరియానుంచి నడిచిన ‘వెల్కమ్ టు వీడియో’ ఉదంతం. పసిపిల్లలపై జరిగే అత్యాచారాల చిత్రాలను బిట్‌కాయిన్‌కు అమ్మిన స్థావరమిది. సొమ్ము జాడ పట్టుకొని దర్యాప్తు జరిపిన ఫలితంగా వివిధ దేశాలలో 337 మంది అరెస్టయ్యారనీ, 23 మంది పిల్లలు విముక్తులయ్యారనీ 2019 అక్టోబరులో అమెరికా ప్రభుత్వం ప్రకటించింది. ఆ 23 మంది పిల్లలను తలచుకున్నవాడెవడూ జాడ తీయడమే అన్యాయమని అనజాలడు.

వేటకథలో కనిపించని మనుషులు

లోపం ఇక్కడే మొదలవుతుంది. గ్రంథం ఒక వేటకథలా సాగుతుంది. ప్రతి అధ్యాయంలోనూ ఒక నేరస్థుడు, అతని వెంట ఒక వేటగాడు. చివరికి వల బిగుసుకుంటుంది. ఇలాంటి కథనంలో పాఠకుడు తనకు తెలియకుండానే వలను ప్రేమించడం నేర్చుకుంటాడు. కాని ఆ వలలో ఎల్లవేళలా ఉన్నవారు నేరస్థులు మాత్రమే కారు. చిట్టాలో ఎక్కిన ప్రతి మనిషీ దానిలోనే ఉన్నాడు. గోప్యత గురించిన చర్చ గ్రంథంలో లేకపోలేదు. మైకిల్‌జాన్‌కు తన పద్ధతి వినియోగం గురించి కలిగిన సంకోచాన్ని రచయిత దాచలేదు. అయితే అది కథ నడకను ఆపదు. ఏ నేరమూ చేయని సామాన్యుని వైపునుంచి ఒక్క అధ్యాయం కూడా నడవదు.

ఆ సామాన్యుని స్థితి ఎలాంటిది? ఒక చిరునామానుంచి కిరాణా కొట్టుకు చెల్లించినవాడి వద్ద ఆ చిరునామాలో ఇంకా ఎంత సొమ్మున్నదో, అది ఎక్కడినుంచి వచ్చిందో కొట్టువాడు చూడగలడు. జీతం ఒక చిరునామాకు చేరితే సాటి ఉద్యోగి లెక్కకట్టగలడు. 2018 రంజాన్‌లో లండన్‌లోని షాకిల్‌వెల్ లేన్ మస్జిదు జకాత్‌ను బిట్‌కాయిన్‌లో కూడా స్వీకరించింది. మస్జిదు చిరునామా ఏదో తెలిసిన ఎవరైనా అక్కడికి చేరిన ప్రతి మొత్తాన్ని, అది బయలుదేరిన చిరునామాను చూడవచ్చు. ఆ చిరునామాకు మరోచోట పేరు దొరికితే, కుడిచేతి దానం లోకానికంతటికీ తెలిసిపోతుంది. సదఖాను బాహాటంగా ఇవ్వడం మంచిదేననీ, గుప్తంగా పేదలకు అందించడం అంతకన్న మేలైనదనీ సూరా బఖరా 271వ ఆయతు బోధిస్తున్నది. అలాంటి గుప్తదానానికి ఈ చిట్టాలో చోటు సన్నగిల్లుతుంది.

రాత వేరు, కూపీ వేరు

లెక్క రాయడం ఇస్లామ్‌కు కొత్త కాదు. ఖుర్ఆన్‌లో అన్నిటికన్న పొడవైన ఆయతు, సూరా బఖరా 282, అప్పు రాసుకోవడం గురించినదే. చిన్నదైనా పెద్దదైనా గడువుగల అప్పును రాసుకోవాలని అది ఆదేశిస్తున్నది. ఈ ఆయతును చూపి, ఎవరూ మార్చజాలని చిట్టా షరీఅత్ ఉద్దేశానికి అనుగుణమేనని వాదించేవారు ఉన్నారు. వాదన మొదటి చూపుకు బలంగానే కనిపిస్తుంది. కాని ఆయతును చివరివరకు చదివినప్పుడు మూడు తేడాలు కనిపిస్తాయి.

మొదటిది, ఆ రాత ఇరుపక్షాల మధ్య న్యాయంగా రాసే లేఖకుడు, వారు అంగీకరించిన సాక్షుల సమక్షంలో జరిగేది. వారి హక్కును కాపాడటానికి ఏర్పడినదే తప్ప ఊరందరికీ చూపడానికి కాదు. రెండవది, అక్కడికక్కడే చేతులు మారే రొక్కపు బేరాన్ని రాయకపోయినా తప్పులేదని ఆ ఆయతే మినహాయింపు ఇస్తున్నది. బిట్‌కాయిన్‌లో ఆ మినహాయింపు లేదు. టీ తాగి ఇచ్చిన సొమ్మయినా సరే, చిట్టాకెక్కితే శాశ్వతంగా ఉండిపోతుంది. మూడవది, లేఖకునికిగాని సాక్షికిగాని హాని కలగరాదని ఆయతు హెచ్చరిస్తున్నది. అంటే రాతవల్ల మనుషులకు కలగగల కీడును కూడా షరీఅత్ లెక్కలోకి తీసుకున్నది. లెక్క రాయమన్న ఆజ్ఞను అందరూ చూడవచ్చునన్న అనుమతిగా మార్చడం ఆయతు పరిధిని దాటడమే.

రెండవ ఆధారం సూరా హుజురాత్ 12వ ఆయతు. అతిగా అనుమానించడం, కూపీ లాగడం, చాటున చాడీలు చెప్పడం, ఈ మూడింటినీ అది ఒకే వరుసలో నిషేధించింది. ఈ నిషేధానికి పాలనారంగంలో హద్దులు గీసినవారిలో ఇమామ్ మావర్దీ (రహ్మతుల్లాహి అలైహి, మరణం హిజ్రీ 450) ముఖ్యుడు. తన ‘అల్ అహ్కాముస్సుల్తానియ్య’లో హిస్బాను గురించి చెబుతూ, బయటికి కనిపించని తప్పుల కోసం ముహ్‌తసిబ్ కూపీ తీయరాదని ఆయన రాశాడు. ఒక మినహాయింపు కూడా చెప్పాడు. ఒకడు మరొకణ్ణి చంపడానికి చాటుకు తీసుకుపోయాడని నమ్మదగినవాడు తెలిపినప్పుడు, తిరిగి పూడ్చలేని నష్టం జరిగిపోకముందే ఆరా తీయవచ్చు.

ఈ కొలబద్దతో చూస్తే ‘వెల్కమ్ టు వీడియో’ దర్యాప్తు మినహాయింపులో చేరుతుంది. పసివారికి జరిగే హాని పూడ్చలేనిది, సమాచారం ముందే ఉన్నది. కాని చిట్టాపై ఆధారపడిన వ్యాపారం మొత్తం ఈ క్రమాన్ని తలకిందులు చేస్తున్నది. మావర్దీ క్రమంలో సమాచారం ముందు, ఆరా తర్వాత. ఇక్కడ అందరి ఆరా ముందే తీసి భద్రపరుస్తారు. అనుమానం దానిలోంచి పుడుతుంది. పైగా ఆ పటాన్ని తయారుచేసేది నియమితుడైన అధికారి కాదు, లాభానికి అమ్ముకునే కంపెనీ.

దీనికి ఒక ఆక్షేపణ ఉన్నది. బహిరంగంగా ఉన్నదానిని చూడటం కూపీ ఎలా అవుతుంది, చిట్టాను తెరిచి పెట్టింది వాడుకున్నవారే కదా అని అడుగవచ్చు. ఆక్షేపణ తేలికైనది కాదు. కాని చిట్టాలో బహిరంగమైనది అంకె మాత్రమే, పేరు కాదు. వీధిలో నడిచే మనిషి అందరికీ కనిపిస్తాడు. అంతమాత్రాన అతను జీవితంలో తట్టిన ప్రతి తలుపునూ రాసిపెట్టి, ఆ చీటీని అమ్ముకునేవాణ్ణి ఏ ఊరివారూ మంచి పొరుగువాడని అనరు. కూపీ అనేది చూపులో కన్న కూర్పులో ఉన్నది.

అనుమానం ఎంతవరకు సాక్ష్యం?

గ్రంథం తగినంతగా నిలదీయని మరొక ప్రశ్న ఉన్నది. చిల్లరను గుర్తించే సూత్రం ఊహ మీద ఆధారపడినది. ఊహ చాలాసార్లు నిజమవుతుంది, కొన్నిసార్లు కాదు. ‘బిట్‌కాయిన్ ఫాగ్’ అనే మిక్సరును, అంటే పలువురి సొమ్మును కలిపి జాడ చెరిపే ఏర్పాటును నడిపాడన్న అభియోగంపై వాషింగ్టన్ కోర్టులో ఒక విచారణ జరిగింది. జాడ తీసే సాధనంలో తప్పుల శాతం ఎంతో శాస్త్రీయంగా తేల్చలేదని ప్రతివాది పక్షం వాదించింది. న్యాయమూర్తి ఆ సాక్ష్యాన్ని అనుమతించాడు. 2024 మార్చిలో జ్యూరీ నేరం రుజువైందన్నది. నవంబరులో పన్నెండున్నరేళ్ళ శిక్ష పడింది. తీర్పు ఏదైనా ప్రశ్న మాత్రం మిగిలింది. ఫుఖహాలకు ఈ ప్రశ్న పరిచితమే. ఇబ్నుల్ ఖయ్యిమ్ (రహ్మతుల్లాహి అలైహి) తన ‘అత్తురుఖుల్ హుక్మియ్య’లో సాక్షుల మాటతోపాటు పరిస్థితుల ఆనవాళ్ళకు కూడా విలువ ఉండాలని గట్టిగా వాదించాడు. కాని ఆనవాలును తూచవలసింది న్యాయమూర్తి. తూనికరాయి వివరాలు కంపెనీ పెట్టెలో ఉన్నప్పుడు ఆ పని ఎలా జరుగుతుంది?

అమాయకులకు మరక అంటడం ఎంత సులభమో 2022 ఆగస్టులో తేటతెల్లమైంది. ‘టోర్నడో క్యాష్’ అనే మిక్సరును ఉత్తర కొరియా దొంగల ముఠా వాడుకున్నదని చెప్పి, ఆగస్టు 8న అమెరికా ఖజానా శాఖ దానిని నిషేధపు జాబితాలో చేర్చింది. మరునాడే ఎవరో గుర్తుతెలియనివారు ఆ మిక్సరునుంచి 0.1 ఈథర్ చొప్పున పలువురు ప్రముఖుల చిరునామాలకు పంపారు. అడగని సొమ్ము, తిరస్కరించే వీలులేని సొమ్ము వచ్చి పడింది. దానితో ఆ చిరునామాలన్నీ నిషిద్ధమైనదానితో సంబంధమున్నవిగా కనిపించాయి. ఇలాంటి విషయాలలో చర్యకు ప్రాధాన్యమివ్వబోమని ఖజానా శాఖ సెప్టెంబరులో వివరణ ఇవ్వవలసి వచ్చింది. ప్రముఖులకు వివరణ దొరికింది. అనామకుని చిరునామాకు ఆ మరక అంటితే అతని తరఫున అడిగేదెవరు?

తలుపులేని ఇల్లు కూడా పరిష్కారం కాదు

ఇంతమాత్రాన మిక్సర్లన్నీ నిర్దోషమైనవని తీర్మానించరాదు. టోర్నడో క్యాష్ గుండా దొంగసొమ్ము పారిందన్నది వాస్తవం. నెదర్లాండ్స్ కోర్టు 2024 మేలో దాని రూపకర్తలలో ఒకరికి 64 నెలల శిక్ష విధించింది. అమెరికాలో అప్పీలు కోర్టు 2024 నవంబరులో ఖజానా శాఖ తన అధికార పరిధిని మించిందని తీర్పు చెప్పగా, 2025 మార్చిలో నిషేధం తొలగింది. అదే సంవత్సరం ఆగస్టులో మరొక రూపకర్తను లైసెన్సు లేని నగదు బదిలీ వ్యాపారానికి కుట్ర పన్నిన అభియోగంపై జ్యూరీ దోషిగా తేల్చింది. మిగిలిన రెండు అభియోగాలపై జ్యూరీకి ఏకాభిప్రాయం కుదరలేదు. కోర్టులే ఇంకా దారి వెతుక్కుంటున్నాయి.

అందరికీ తెరిచిన ఇల్లు ఒక విపరీతం. ఎవరికీ ఎన్నటికీ తెరుచుకోని ఇల్లు మరొక విపరీతం. బాధితుడు తన సొమ్ము ఎక్కడ పోయిందో అడిగే దారి కూడా రెండవదానిలో మూసుకుపోతుంది. 2016లో మొదలైన జీక్యాష్ అనే నాణెంలో ఒక మధ్యమార్గం ఉన్నది. లావాదేవీ లోకానికి కనిపించదు. కాని యజమాని తాను కోరినవారికి, ఒక లెక్కల తనిఖీదారుకో జకాత్ లెక్కకట్టేవారికో, చూడటానికి మాత్రమే పనికొచ్చే తాళంచెవి ఇవ్వవచ్చు. ఆ నాణెం కొనదగినదా కాదా అన్నది వేరే సంగతి. రాత ఉండి, సాక్షి ఉండి, గుట్టు కూడా మిగిలే ఏర్పాటు సాంకేతికంగా సాధ్యమేనని మాత్రం అది రుజువు చేస్తున్నది. ఆ పోలిక గ్రీన్‌బర్గ్ వేటకథకు అందలేదు.

ఇక్కడి పాఠకునికి

ఈ విషయం దూరదేశాలది మాత్రమే అనుకోరాదు. భారతదేశంలో 2022 ఏప్రిల్‌నుంచి ఈ ఆస్తులపై వచ్చే ఆదాయానికి 30 శాతం పన్ను, జూలైనుంచి బదిలీలపై 1 శాతం కోత అమలులోకి వచ్చాయి. 2023 మార్చి 7న ఎక్స్ఛేంజీలను నల్లధనం చెలామణి నిరోధక చట్టం కిందికి తెచ్చారు. అంటే ఇక్కడ ఎక్స్ఛేంజీలో కొన్న ప్రతివాని చిరునామాకూ పేరు ముందే అంటుకొని ఉంటుంది. మరోవైపు 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం గోప్యత ప్రాథమిక హక్కేనని చెప్పింది. ప్రభుత్వం దానిలో జోక్యం చేసుకోవాలంటే చట్టం, సరైన ఉద్దేశం, అవసరానికి మించని మోతాదు ఉండాలన్నది ఆ తీర్పు సారాంశం. మావర్దీ గీసిన హద్దుకూ ఈ హద్దుకూ మూలాలు వేరు. కాని అవసరాన్ని మించి తలుపు తెరవరాదన్న మాటలో రెండూ కలుస్తున్నాయి.

‘ట్రేసర్స్ ఇన్ ద డార్క్’ చదువదగిన గ్రంథం. బిట్‌కాయిన్ రహస్యపు సొమ్మన్న అపోహను అది సాక్ష్యాలతో తొలగిస్తుంది. రహస్యాన్నే ప్రధాన దోషంగా భావించి అభిప్రాయం ఏర్పరచుకున్నవారు దానిని చదివి ఆ భాగాన్ని తిరిగి పరిశీలించుకోవడం అవసరం. తక్కిన కారణాల వల్ల వారి తీర్పు మారకపోవచ్చు. అయినా వాస్తవాన్ని సరిగా ఎరగడం తీర్పుకు మొదటి షరతు. ఇకముందు ఫిఖ్‌హ్ సభలలో ఇది ధనమా కాదా అన్న ప్రశ్నతోపాటు, చట్టంలేని చూపునుంచి మనిషి లెక్కను ఎవరు కాపాడాలి అన్న ప్రశ్న కూడా చర్చకు రావాలి. నేరస్థుని పట్టుకోవడానికి వేసిన దీపం ప్రతి ఇంటి లోపలి గదిలోనూ రాత్రింబవళ్ళు వెలగవలసిన పనిలేదు.

వాస్తవం అల్లాహ్‌కే బాగా తెలుసు.